బొగ్గుపులుసు వాయువును వంచు విద్య

గోలీసోడా గొంతు దిగునప్పుడు నాలుకపై కలుగు పుల్లని చురుకు బుడగల తాకిడివలననే పుట్టునని సాధారణముగా తలంతురు. 2009లో అమెరికా దేశపు పరిశోధకులు ఎలుకల రుచికణములను పరీక్షించి చూడగా, పులుపును గుర్తించు కణముల ఉపరితలమున కార్బోనిక్ ఆన్‌హైడ్రేజు అను ఎంజైము నిలిచి యున్నదనియు, సోడాలో కరిగియున్న బొగ్గుపులుసు వాయువును అది తృటికాలములో ఆమ్లముగా మార్చుటవలననే ఆ రుచి తెలియవచ్చుచున్నదనియు తేలినది. ఎత్తైన పర్వతముల నెక్కువారు అచ్చటి పలుచని గాలివలన కలుగు అస్వస్థతకు ఎసిటజోలమైడు అను మందు పుచ్చుకొందురు; ఆ మందు ఈ ఎంజైమునే స్తంభింపజేయును; దానిని పుచ్చుకొన్నవారికి సోడా చప్పగా తోచుట వైద్యు లెరిగిన విషయమే. బుడగలు యథాపూర్వముగ నుండును, రుచి మాత్రము లోపించును. ఈ వాయువు తనంతట తాను నీటితో కలియుటకు సంకోచించుననియు, కలుపు శక్తి యొకటి తోడుపడనిదే ఆ కలయిక మన ఇంద్రియములకు అందనంత మందముగ జరుగుననియు ఈ చిన్న సంగతివలన గ్రహింపవచ్చును.

ఆ మందగమనము ఎంతటిదో శాస్త్రజ్ఞులు కొలిచియే యున్నారు. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, కరిగిన బొగ్గుపులుసు వాయువులో సగము నీటితో కలియుటకు ఇంచుమించు 20 సెకనులు పట్టును. మన శరీరములోని కణములు విడుచు వాయువులో అధికభాగము, రమారమి నూటికి 70 వంతులు, రక్తములో బైకార్బొనేటు రూపమున ప్రయాణముచేసి, ఊపిరితిత్తులను చేరిన పిమ్మట మరల వాయువై వెలువడవలసి యున్నది. కాని ఊపిరితిత్తులలోని సన్నని నాళములలో ఎర్రకణము నిలుచు కాలము ఒక్క సెకను కూడ లేదు. ఇంత స్వల్పకాలములో ఆ మార్పు ఎట్లు జరుగుచున్నదో తెలియక శరీరశాస్త్రవేత్తలు చిరకాలము తర్కించిరి. తుదకు 1932, 1933 సంవత్సరములలో కేంబ్రిడ్జియందు మెల్డ్రమ్, రౌటన్ అను ఇరువురును, అమెరికాయందు స్టేడీ, ఓబ్రియెన్ అను ఇరువురును, ఒకరి ప్రయత్నముతో నొకరికి సంబంధము లేకయే, ఎర్రకణములలో దాగియున్న ఈ ఎంజైమును బయటపెట్టి చిక్కు విప్పిరి. కొన్ని యేండ్లకు కీలిన్, మాన్ అను వారు కేంబ్రిడ్జిలోనే దానిని శుద్ధిచేసి, అందు జింకు ఉన్నదని కనుగొనిరి. ఒక ఎంజైము తన పనికి జింకును ఆశ్రయించునని లోకమునకు తెలియుట అదియే ప్రథమము. మనుష్యుల రక్తములోని ఈ జాతి ఎంజైములలో మిక్కిలి చురుకైనది సెకనునకు 10 లక్షల అణువులను మార్చగలదు. ప్రకృతిలోని వేగవంతములైన ఎంజైములలో దానిది అగ్రస్థానము.

ఈ ఎంజైము చేయు పనిని, మరికొన్ని ఎంజైములు చేయు అంతకంటె కఠినములైన పనులను, ప్రయోగశాలలో కూర్చిన చిన్న అణువులచేత చేయింపవలెనను ప్రయత్నము నేటి రసాయనశాస్త్రమున అనేక దేశములందు పట్టుదలతో సాగుచున్నది. కారణము అందరు నెరిగినదే. యంత్రయుగమునకు పూర్వము గాలిలోని ప్రతి పది లక్షల అణువులలో 280 మాత్రమే బొగ్గుపులుసు వాయువు. 1958లో హవాయి దీవియందలి మౌనా లోవా పర్వతముపై చార్లెస్ కీలింగు కొలతల నారంభించునప్పటికి అది 315 ప్రాంతమున నుండెను. నేడు 420ని దాటినది. బొగ్గును, చమురును, సహజవాయువును మండించుటవలన ఏటేట వెలువడునది 3,500 కోట్ల టన్నులకు పైమాటయే.

వాయువును పట్టుట మాత్రము క్రొత్త విద్య కాదు. అమీనులను సేంద్రియ క్షారముల ద్రావణములోనికి దానిని పీల్చు పద్ధతికి బాటమ్స్ అను అమెరికా దేశీయుడు 1930లోనే పేటెంటు పొందెను. మన కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారమున 2009లో నెలకొల్పిన ఏర్పాటు ఇట్టి ద్రావణముతో పొగగొట్టపు వాయువునుండి రోజునకు 450 టన్నుల బొగ్గుపులుసు వాయువును వేరుచేసి యూరియా తయారీకి అందించుటకై నిర్మింపబడినదే. ఇందు కష్టమంతయు పట్టుటయందు కాక విడిపించుటయందు కలదు. మన పల్లెయిండ్ల గోడలకు కొట్టిన సున్నము సైతము గాలిలోని ఈ వాయువును నెలల తరబడి మెల్లమెల్లగ గ్రహించి సున్నపురాయియై గట్టిపడును. కాని ఆ రాతిలోని వాయువును మరల వెడలింపవలెనన్నచో బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడి కావలెను. అమీనుల పట్టు అంత బిగువైనది కాదు, 120 డిగ్రీల వేడికి సడలును. అయినను ఆ ద్రావణములో అధికభాగము నీరే యగుటచే, వాయువును విడిపించు నెపమున ఆ నీటినంతటిని కాచవలసివచ్చుచున్నది. ఒక టన్ను వాయువునకు 350 నుండి 400 కోట్ల జౌళ్ల వేడి వ్యయమగుచున్నది. ఎక్కించుకొన్న జనమును ఆవలి రేవున దింపలేని పడవకు ఎంత వేగమున్నను ప్రయోజన మేమి? పట్టును, విడుపును సమముగ నెరిగిన అణువు కావలెను. అట్టి సామ్యమునకు ఎంజైములే మనకు నిదర్శనములు.

ఈ వాయువు ఇంత మొండిదగుటకు దాని నిర్మాణమే హేతువు. నడుమ ఒక కార్బన్ పరమాణువు, ఇరుప్రక్కల రెండు ఆక్సిజను పరమాణువులు, మూడును ఒకే సరళరేఖపై నిలిచి, ఒక్కొక్క ఆక్సిజను కార్బనుతో జంటబంధముచేత బిగిసియుండును. ఆక్సిజనులు ఎలక్ట్రానులను తమవైపునకు లాగుకొనుటచే కార్బను కొంత లోటుపడి యుండునుగాని, ఆ లాగుడు ఇరువైపుల సమానమగుటవలన అణువు మొత్తముమీద ఎటును మొగ్గదు. మండి, ఉన్న శక్తినెల్ల వెచ్చించిన పిదప మిగిలిన పదార్థ మగుటచేత క్రొత్త సంయోగములకు దానికి సహజమైన ఉత్సాహము లేదు. దానికి ఒంటరి ఎలక్ట్రాను నొకదానిని బలవంతముగ నియ్యజూచినచో సరళరేఖ విరిగి ఆ అణువు వంగవలసివచ్చును. ఆ వంపునకు అయ్యెడు ఖర్చు సామాన్యము కాదు, నీటిలో దాదాపు 1.9 వోల్టుల ప్రతికూల విద్యుత్పీడనము కావలెను. అదే రెండు ఎలక్ట్రానులను, రెండు ప్రోటానులను ఒక్కపెట్టున, తగిన చోట, తగిన క్షణమున అందించినచో సుమారు అర వోల్టుతోనే అది కార్బన్ మోనాక్సైడుగ మారుటకు సిద్ధపడును. ఈ రెండు అంకెల నడుమ నున్న అంతరమునందే ఈ శాస్త్రమంతయు ఇమిడి యున్నదని నాకు తోచును. బలప్రయోగముచేత లొంగని అణువు సన్నివేశముచేత లొంగుచున్నది.

కార్బోనిక్ ఆన్‌హైడ్రేజు లోపల ఆ సన్నివేశ మెట్లున్నదో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు 1972లో ఎక్సు కిరణముల సాయమున చిత్రించిరి. శంకువు ఆకారపు గుంట యొకటి. దాని అడుగున ఒక్క జింకు పరమాణువు. హిస్టిడీను అను అమైనో ఆమ్లములు మూడు మూడువైపులనుండి దానిని పట్టియుండును. నాలుగవ చోటున ఒక నీటి అణువు అంటియుండును. మామూలు నీరు తన ప్రోటానును వదలుట అతిదుర్లభము. ఆమ్లముల బలమును తెలుపు సూచికలో దాని స్థానము 15.7. విడి నీటిలో కరిగిన జింకును అంటియున్న నీటికి ఆ సంఖ్య 9 ప్రాంతమునకు దిగును. ఎంజైములోని జింకుచెంత 7 వరకు దిగివచ్చును. అనగా రక్తమున్నంతటి మందక్షారస్థితిలోనే ఆ నీరు ప్రోటానును విడిచి, ఎలక్ట్రాను లోటుగల కార్బనుపై పడుటకు సిద్ధముగ నున్న హైడ్రాక్సైడుగా నిలిచియుండును. ప్రక్కనున్న థ్రియొనీను ఆ హైడ్రాక్సైడును సరియైన దిశకు త్రిప్పి పట్టును. గుంటయొక్క ఒక పార్శ్వమున వేలీను, ల్యూసీను, ట్రిప్టోఫాను మొదలైన, నీటిని సహింపని అమైనో ఆమ్లములు గోడకట్టి యున్నవి. బొగ్గుపులుసు వాయువు వచ్చి జింకును తాకక ఆ గోడప్రక్కన ఒదిగి నిలుచును. హైడ్రాక్సైడు దాని కార్బనును తాకగానే అణువు వంగి బైకార్బొనేటగును. దానిపై జింకునకు మక్కువ తక్కువ గావున, క్రొత్త నీరు వచ్చి దానిని తొలగించి తాను స్థానమాక్రమించును.

పని ఇంతటితో ముగియలేదు. వచ్చిన నీటినుండి ప్రోటానును వేరుచేసి బయటికి పంపిననేగాని రెండవ వాయ్వణువునకు తావులేదు. సెకనునకు 10 లక్షల పర్యాయములు తిరుగు ఈ చక్రములో అన్నిటికంటె నెమ్మదియైన మెట్టు ఇదియే; దీనిని నిర్వహించునది జింకునకు దూరముగ, గుంట అంచున కూర్చున్న మరియొక హిస్టిడీను. నీటి అణువుల వరుస మీదుగా ప్రోటాను దానిని చేరును. అది అటునిటు ఒరిగి ప్రోటానును బయటి ద్రవమున కప్పగించును. జన్యుశాస్త్ర విధానములచే ఆ ఒక్క హిస్టిడీనును తొలగించి, దాని స్థానమున అలనీను నుంచి చూచినవారు ఎంజైము వేగము అనేక రెట్లు పడిపోవుట గమనించిరి. అట్లు కుంటుపడిన ఎంజైమునకు హిస్టిడీనును పోలిన ఇమిడజోలును బయటినుండి కలిపినచో పోయిన వేగములో చాలభాగము తిరిగివచ్చెను. ఈ ప్రయోగము నాకు అత్యంతప్రియమైనది. ఎంజైముయొక్క మహిమను లోహమునకే అంటగట్టు అలవాటు శాస్త్రగ్రంథములలో సైతము కలదు. కాని జింకు ఎక్కడ లేదు? ఇనుపరేకులపై పూతగా నున్న జింకును, మన మందులలోని జింకును ఏ వాయువును ఇంత వేగముగ మార్చుట లేదు. లోహము తన పనిని చేయునట్లు చేయునది దాని పరివారము: దిశ చూపు థ్రియొనీను, నీటిని దూరముంచు గోడ, ప్రోటానును మోసికొనిపోవు హిస్టిడీను. అనుకరింపవలసినది ఈ పరివారమునే.

ఈ సత్యము రసాయనవేత్తలకు ఒక్కనాట బోధపడలేదు. తొలుత వారు జింకును, దానిని చుట్టియున్న మూడు నత్రజని పరమాణువులను మాత్రమే నిర్మింపజూచిరి. 1990లో హిరోషిమా విశ్వవిద్యాలయమున కిమురాయు, ఆయన సహచరులును పన్నెండు పరమాణువుల వలయమున మూడు నత్రజనుల నిమిడ్చి, నడుమ జింకును నిలిపి చూడగా, దాని నంటిన నీటి సూచిక 7.3కు దిగినది, ఎంజైముతో దాదాపు సమానము. లోహమును చుట్టిన వలయము పాటి నిర్మాణముతోనే ప్రకృతి రహస్యములలో ఒకటి చేజిక్కినదని సంతోషింపవలసిన దినము అది. కాని వాయువును నీటితో కలుపు వేగములో ఈ తరగతి అణువులు ఎంజైమునకు పదివేల రెట్లకు మించి వెనుకబడి యున్నవి. హైడ్రాక్సైడు సిద్ధముగనే యున్నది. కాని వాయువును ఒదిగించుకొను గోడ లేదు, ప్రోటానును మోయు చేయి లేదు. మరియొక చిక్కు: గోడలు లేని చిన్న అణువులు ద్రావణములో ఒకదానినొకటి సమీపించి, రెండు జింకులు ఒక్క హైడ్రాక్సైడును పంచుకొని, పనికిమాలినవై నిలిచిపోవుచుండెను. దీనికి విరుగుడుగా, 1966లో ట్రోఫిమెంకో కల్పించిన, తేలువలె మూడువైపుల లోహమును పట్టుకొను పైరజోలు సముదాయములను తీసికొని, వాటి కొనలకు దట్టమైన కార్బన్ శాఖలను తగిలించి, ఒక్క జింకు ఒంటరిగ నిలుచు గుంటను కొలంబియా విశ్వవిద్యాలయమున పార్కిన్ మొదలగువారు నిర్మించిరి. వేగము మాట యటుండ, హైడ్రాక్సైడు వాయువుతో కలిసి బైకార్బొనేటగుటయు, తిరిగి విడివడుటయు కండ్లకు కట్టినట్లు పరిశీలించుటకు ఆ అణువులు వీలు కల్పించినవి.

2012లో మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పెకోరారో బృందము మరియొక త్రోవ తొక్కినది. ప్రకృతిలో ఎక్కడను లేని చిన్న ప్రోటీను పోగులు మూటిని ఒకదానితో నొకటి పెనవేయునట్లు రూపొందించి, వాటి నడిమి ఇరుకులో మూడు హిస్టిడీనులతో జింకును పట్టించిరి. మరియొక చోట పాదరసపు పరమాణువు నొకదానిని నిలిపి ఆ పేనిన త్రాటికి బిగువు కల్పించిరి. ఈ కృత్రిమ ప్రోటీను బొగ్గుపులుసు వాయువును నీటితో కలుపుటలో మానవ ఎంజైమునకు 500 రెట్లలోపు దూరమునకు వచ్చినది. జింకు అదే, హిస్టిడీనులు అవే. చుట్టును ప్రోటీను గోడ చేరుటచే అంతరము ఇంతగా తగ్గినది. 2018లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున వేడ్ బృందము ఇదే జింకు–హైడ్రాక్సైడు కూర్పును లోహమును సేంద్రియ కడ్డీలను అల్లిన సూక్ష్మరంధ్రముల ఘనపదార్థమున బిగించి, గాలిలో స్వల్పముగ నున్న వాయువును సైతము పట్టి, తక్కువ వేడికే విడుచునట్లు చేసిరి. 2024లో బర్కిలీయందు లాంగ్ బృందము హైడ్రాక్సైడునకు బదులు జింకునకు హైడ్రోజను నంటించిన పదార్థమును ప్రకటించినది. 200 డిగ్రీలను మించిన వేడిలో గూడ అది వాయువును పట్టి విడువగలదు. చల్లార్చుటకు నీటిని, శక్తిని వెచ్చింపవలసిన వేడి పొగలకు ఇది ఉపకరింపవచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు పట్టుటను గూర్చి. పట్టిన వాయువును మరల ఇంధనముగనో, ఔషధముల ముడిసరుకుగనో మలచుట అంతకంటె ఉన్నతమైన విద్య. దీనికి నికెలును, ఇనుమును, గంధకమును కూర్చిన గుచ్ఛము గల ఎంజైము ఒకటి గురుస్థానమున నున్నది. కురిల్ దీవులలోని కునాషిర్ దీవి వేడినీటి ఊటలలో కార్బాక్సిడోథర్మస్ అను సూక్ష్మజీవి నివసించును. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువే దానికి ఆహారము. ఆ ఎంజైము మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగను, బొగ్గుపులుసు వాయువును మోనాక్సైడుగను, అవసరమును బట్టి ఇరువైపులకు, అదనపు విద్యుత్పీడనము దాదాపు ఏమియు లేకయే మార్చును. 2007లో జర్మనీయందు జోవుంగ్, డోబెక్ అను ఇరువురు ఆ ఎంజైములో వాయువు చిక్కియున్న స్థితిని స్ఫటికరూపమున పట్టి చూపిరి. వాయువు వంగియున్నది. నికెలు కార్బనుతో బంధమేర్పరచుకొని ఎలక్ట్రానుల నందించుచున్నది. ప్రక్కనున్న ఇనుము ఒక ఆక్సిజనును పట్టుకొన్నది. ఆక్సిజనులకు లైసీను, హిస్టిడీనులు హైడ్రోజను బంధములతో ఊత యిచ్చుచున్నవి. ఒక లోహము ఇచ్చునది, వేరొక లోహము పుచ్చుకొనునది, చుట్టునున్న ప్రోటీను నిలిపి యుంచునది. వంచబడిన అణువునకు తిరిగి సరళమగు అవకాశము దొరకకమునుపే పని ముగియుచున్నది.

దీనిని చూచి చిన్న అణువులను నిర్మించినవారిలో పారిస్ నగరమున జాన్-మిషెల్ సవేయాఁ బృందమును ప్రత్యేకముగ చెప్పవలెను. అంతకుముందే 1984లో స్ట్రాస్‌బూర్గుయందు లేన్ రీనియము సంయోగములతోను, సోవాజ్ నికెలు వలయములతోను ఈ వాయువును మోనాక్సైడుగ మార్చి త్రోవ చూపియుండిరి. పిదప ఇరువురును వేరువేరు విషయములకు నోబెల్ బహుమతులు పొందిరి. సవేయాఁ ఎన్నుకొన్నది ఇనుము. మన రక్తమునకు ఎరుపునిచ్చు హీము జాతికి చెందిన పోర్ఫిరిను వలయము నడుమ కూర్చున్న ఇనుము. దానికి ఎలక్ట్రానులను నింపినచో అది బొగ్గుపులుసు వాయువును పట్టుకొనును. కాని ప్రోటానులు సమయమునకు అందక ఆ చర్య తడబడుచుండును. 2012లో కోస్టెంటిన్, రాబర్ట్ మొదలగువారితో కలిసి ఆయన ఆ వలయపు అంచులయందు ఎనిమిది హైడ్రాక్సిలు సముదాయములను, ఇనుముపైకి వ్రాలిన వాయువునకు దగ్గరగ నుండునట్లు, అమర్చెను. ఎంజైములోని హిస్టిడీనులు చేయు పనిని అవి చేయుటకు పూనుకొన్నవి. ప్రోటానులు చేరువలోనే లభించుటచే ఆ అణువు నాలుగు గంటలలో ఒక్కొక్కటి 5 కోట్ల పర్యాయములు పనిచేయగలిగెనని, వ్యయమైన విద్యుత్తులో నూటికి 90 వంతులకు పైగా మోనాక్సైడు తయారీకే వినియోగపడెనని వారు ప్రకటించిరి. 2016లో ఆ హైడ్రాక్సిలులను తొలగించి, ధనావేశము గల నాలుగు నత్రజని సముదాయములను అమర్చి చూచిరి. వంగిన వాయువుపై ప్రోగుపడు ఋణావేశమును అవి దగ్గరనుండి ఆకర్షించి శాంతింపజేయుటచే, ఇంకను తక్కువ విద్యుత్పీడనముతో అంతకంటె అధికమైన వేగము సిద్ధించెను. ఇనుము మారలేదు, వలయము మారలేదు. ప్రక్కనున్నవారు మాత్రమే మారిరి.

మన దేశమున కలకత్తా నగరమందలి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అను సంస్థలో అభిషేక్ డే బృందము ఈ ఇనుప పోర్ఫిరినులపైననే చిరకాలముగ పరిశ్రమించుచున్నది. 1876లో మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన ఈ సంస్థలోనే 1928లో చంద్రశేఖర వేంకటరామన్ తన పేర వెలసిన కాంతిప్రభావమును కనుగొనెను. డే బృందము 2015లో, చర్య జరుగు నడిమి దశలలో ఇనుము వాయువును పట్టుకొన్న రూపమును, తరువాత ఒక ప్రోటానును గ్రహించిన రూపమును, మిక్కిలి శీతలమైన ఉష్ణోగ్రతలవద్ద నిలిపివేసి వాటి బంధముల కంపనములను పరిశీలించెను. అందు రామన్ ప్రభావముపై ఆధారపడిన కొలతలు ముఖ్యసాధనములైనవి. నూరేండ్లకు చేరువగుచున్న ఒక ఆవిష్కారము పుట్టిన సంస్థలోనే క్రొత్త ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఉపకరించుచున్నదనుట నాకు మిక్కిలి ఆనందము గొలుపుచున్నది. క్షణమాత్రము నిలుచు మధ్యరూపములు ఇట్టివని తెలిసిననే గాని తరువాతి అణువును ఎట్లు మలచవలెనో నిశ్చయింప వీలులేదు.

ఈ విషయమున పత్రికలలో అప్పుడప్పుడు కనబడు అత్యుత్సాహమును మాత్రము నేను సమర్థింపజాలను. ఉత్ప్రేరకము ఎంత సమర్థమైనదైనను చర్యకు అడ్డుపడు గట్టును తగ్గించునేగాని, చెల్లింపవలసిన శక్తిఋణమును మాఫీ చేయజాలదు. మండినప్పుడు వెలువడిన శక్తినంతటిని ఏదో ఒక రూపమున తిరిగి పెట్టినగాని వాయువు ఇంధనము కాదు. ఆ శక్తి బొగ్గుతో పుట్టించిన విద్యుత్తే యైనచో, పట్టిన దానికంటె విడిచినదే అధికమగును. ఎండనుండియో గాలినుండియో లభించిన విద్యుత్తుతో జరిపిననే ఈ విద్య సార్థకము. మరియొక విషయము: జీవకణములో పాడైన ఎంజైమును కణమే తీసివైచి క్రొత్తదానిని చేసికొనును. కర్మాగారపు తొట్టిలోని అణువునకు ఆ భాగ్యము లేదు. అది నెలల తరబడి, వేడిలోను, క్షారములోను, పొగతో వచ్చు మలినముల నడుమను నిలువవలెను. కొందరు ఈ కారణముచేతనే అనుకరణను విడిచి ఎంజైమునే సంస్కరింపబూనిరి. కోడెక్సిస్ అను అమెరికా సంస్థవారు డీసల్ఫోవిబ్రియో అను సూక్ష్మజీవి కార్బోనిక్ ఆన్‌హైడ్రేజును తీసికొని, మార్పులు కల్పించుట, మేలైనదానిని ఏరుట అను కృత్రిమ పరిణామక్రమమును అనేక తరములు సాగించి, 107 డిగ్రీల వేడిలో అమీను ద్రావణమున సైతము బ్రతుకు ఎంజైమును 2014లో సాధించిరి. అణువును కట్టువారును, ఎంజైమును పెంచువారును ఒకరివలన నొకరు నేర్చుకొనుచున్నారు. వారిని ప్రతిపక్షములుగ నెంచుట సరికాదు.

ఆక్సిజను తెచ్చు చిక్కు ఇంకను మిగిలియున్నది. ఎలక్ట్రానులు నిండిన లోహమునకు ఆక్సిజనుపై గల మక్కువ ప్రసిద్ధము. పొగగొట్టపు వాయువులో అది నూటికి కొన్ని వంతులు, గాలిలోనైతే 21 వంతులు ఉండును. కునాషిర్ ఊటలలోని ఎంజైము ఆక్సిజను సోకిననే నశించును. ప్రయోగశాలలలో చాలమట్టుకు ఆక్సిజనును ముందే తొలగించి శుద్ధవాయువుతో ప్రయోగములు జరుపుచుండిరి. 2019లో కలకత్తాలోని అదే బృందము ఇనుప పోర్ఫిరిను ఆక్సిజను సమక్షమున కూడ బొగ్గుపులుసు వాయువును మోనాక్సైడుగ మార్చగలదని చూపినది. ఎలక్ట్రానులతో పూర్తిగ నిండిన ఇనుము ఆక్సిజనుకంటె బొగ్గుపులుసు వాయువుతోనే త్వరితముగ కలియుచున్నదని వారి కొలతలవలన తెలిసినది. ఎవరును ఊహింపని ఈ పక్షపాతము ఎందువలన కలిగినదో తెలిసినచో దానిని ఇనుముచుట్టునున్న సముదాయములచేత ఇంకను పెంచవచ్చును. ఆక్సిజనును చేరనీయక ఈ వాయువును మాత్రమే ఒదిగించుకొను గుంటను కట్టుట, ఆ కట్టిన అణువును ఎలక్ట్రోడుపై నెలల తరబడి చెదరకుండ నిలుపుట, ఇప్పుడు ఈ రంగమున పనిచేయు యువశాస్త్రజ్ఞుల ముందున్న పని.